బూడిదరంగు వాక్యాలు

సిస్టర్ల గది, మగవాళ్ళ సర్జికల్ వార్డు
ఫిబ్రవరి 6

మా ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని అలగకు. అలిగినా బతిమాలే ఓపిక లేదు. ఇరవై ఎనిమిది మంచాలకి ఇద్దరం సిస్టర్లం, అందులో ఒకమ్మాయి కొత్త. సూది తీస్తే రోగి కంటే ముందు తనే కళ్ళు మూసుకుంటుంది.

ఫోన్ చెయ్యొచ్చుగా అని మళ్ళీ అడిగావు. పొద్దున ఏడు నుంచి రెండు దాకా నోరు మూసుకునే వీలుండదు నాకు. డ్యూటీ దిగాక ఇంకో మనిషి గొంతు వింటే, అది నీదైనా సరే, ఏడుపొస్తుంది. ఉత్తరమైతే ఈ గదిలో ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపుకుని రాసుకుంటాను. మీ అన్నయ్య పోయాక ఈ నాలుగేళ్ళలో నాకు మిగిలిన సుఖాల్లో ఇదొకటి. రెండోది ఏమిటో ఇంకా గుర్తు రావట్లేదు.

వార్డుకి కొత్త యంత్రం వస్తోంది. యంత్రమంటే చక్రాలూ అవీ ఏం ఉండవు. మేం కంప్యూటర్లో కొట్టే నోట్సంతా అది చదివి, రోగికి నాలుగు లైన్ల చొప్పున సారాంశం తీసి తర్వాతి డ్యూటీ వాళ్ళకి ఇస్తుందట. నిన్న ఒకబ్బాయి వచ్చి మాకు శిక్షణ ఇచ్చాడు. మెడలో కార్డు, చేతిలో లేజర్ దీపం. "సిస్టర్, ఇకమీదట మీరు ఒకళ్ళ నోట్సు ఒకళ్ళు చదవక్కర్లేదు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, ఎందుకు అబద్ధం చెప్పాలి! మధ్యాహ్నం డ్యూటీ అప్పగించడానికే ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటలో నా కాళ్ళు నన్ను తిట్టే తిట్లు నీకు రాయలేను.

వేళకి తిను. ఆఫీసులో నీ కుర్చీ మార్పించమని గట్టిగా అడుగు, అక్కడ నోట్లో నాలుక లేనిదానిలా ఉండకు.

మరో మాట: నీ పోయిన ఉత్తరంలో నన్ను ఒక్కసారైనా ఆటపట్టించలేదు.

నీ వదిన


రంగుల గది, టైర్ల షాపు పైన
ఫిబ్రవరి 19

వదినా,

జోకు లేదని పట్టేశావా! నాలుగు పేజీల ఉత్తరంలో లేనిదాన్ని వెతికి పట్టుకునే మనిషివి నువ్వొక్కదానివే. సరే, ఇప్పుడు వేస్తాను: ఆ కొత్తమ్మాయి కళ్ళు మూసుకునేది సూది చూసి కాదు, నీ మొహం చూసి. అప్పు తీరింది కదా?

మనసు బాగాలేదు, అంతే. ఎనిమిది నెలల నుంచి "కంప్యూటర్ పని" అని దాటేస్తున్నాను, అదేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నీ వార్డుకి రాబోతోందన్నావే, అలాంటి యంత్రాలకే నేను అక్షరాభ్యాసం చేయిస్తున్నాను.

ఏదో ఆసుపత్రి నుంచి పాత నోట్సు మా దగ్గరికి వస్తాయి. పేర్లు, ఊళ్ళు, తేదీలు ముందే తుడిచేసి చుక్కలు పెడతారు. రోగికి ఒక నంబరూ, ఆసుపత్రిలో చేరి ఎన్నో రోజన్నదీ మాత్రం ఉంటాయి. మేం ఒక్కో వాక్యం చదివి రంగు వెయ్యాలి. జబ్బు లక్షణమైతే ఎరుపు, మందైతే నీలం, పరీక్షైతే పసుపు. "జ్వరం లేదు" అని ఉంటే ఎరుపు వేసి అడ్డగీత గియ్యాలి, లేకపోతే అది జ్వరం అన్న మాట చూసి కంగారు పడుతుంది. "తల్లికి షుగర్ ఉండేది" అంటే దాన్ని తెచ్చి రోగికి అంటగట్టకుండా పక్కన పెట్టాలి. వీటిలో ఏదీ కాని వాక్యానికి బూడిదరంగు. ఇది చదవకు అని దానికి చెప్పడమన్నమాట. ఇలా లక్ష వాక్యాలు చూపిస్తే, లక్షా ఒకటో వాక్యానికి తనంతట తనే రంగు వేసుకుంటుంది.

ఇందులో ఒక తిరకాసుంది. ఒకే షీటు ఇద్దరికి ఇస్తారు. నాకూ, నాకు వీపు తిప్పి కూర్చునే ఒకాయనకీ. ఆయన ఇదివరకు మందుల షాపులో గుమాస్తా. మా ఇద్దరి రంగులూ ఎన్ని చోట్ల కలిశాయో లెక్కేసి ప్రతి శుక్రవారం గోడకి అంటిస్తారు. డిసెంబరులో మాకు నూటికి డెబ్బై ఒకటే వచ్చాయి. రంగుల మాస్టారు పిలిచి కూర్చోబెట్టాడు. మా పైఅధికారికి మేం పెట్టుకున్న పేరది, మనిషి మంచివాడే.

గొడవంతా ఒక సిస్టరు రాతల దగ్గర. ఆవిడ నోట్సంతా పద్ధతిగా రాసి, చివర ఏదో ఊసుపోని ముచ్చట ఒకటి తగిలిస్తుంది. పక్క మంచం ఆయనతో ఈవేళ కీచులాడలేదని, దువ్వెన అడగలేదని. మొదట్లో నేను వాటికి ఎరుపు వేసేదాన్ని. గుమాస్తా బూడిదరంగు వేసేవాడు. "దువ్వెన అడగకపోవడం ఏ జబ్బు లక్షణమమ్మా? పుస్తకంలో చూపించు" అన్నాడు మాస్టారు. చూపించలేకపోయాను. ఇప్పుడు నేనూ బూడిదరంగే వేస్తున్నాను. మార్కులు ఎనభై తొమ్మిదికొచ్చాయి.

కళ్ళు మండుతున్నాయి. కుర్చీ మార్చారు. కొత్తది ఇంకా అధ్వాన్నం.

పిచ్చుక


సిస్టర్ల గది
మార్చి 30

పిచ్చుకకి,

ఎనభై తొమ్మిదా! మీ అన్నయ్యకి జీవితంలో ఏ పరీక్షలోనూ అన్ని రాలేదు. ఉండుంటే వీధంతా చెప్పుకు తిరిగేవాడు.

యంత్రం వచ్చి మూడు వారాలైంది. దాన్ని తిడతానని చూస్తున్నావేమో, తిట్టను. రెండింటికి మధ్యాహ్నం సిస్టర్లు వస్తారు, తెర మీద ఇరవై ఎనిమిది మంచాలూ వరసగా కనిపిస్తాయి, మంచానికి నాలుగు లైన్లు. నోటితో అప్పగింతలు ఇక వద్దని పైనుంచి కాగితం వచ్చింది. ఇదివరకైతే మా వార్డులో అందరూ నోట్సు చివరి లైను నుంచి పైకి చదివేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నేనే అని కొందరంటారు. ఇప్పుడు కింద నుంచీ లేదు, పైనుంచీ లేదు. పది నిమిషాల్లో బయటపడుతున్నాను. మొన్న సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళాక, ఇంత ముందుగా ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో తోచక కాసేపు అక్కడే నించున్నాను.

పద్నాలుగో మంచానికి ఒక పెద్దాయన వచ్చాడు. వాచీలు బాగుచేస్తాడు. స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగా అయింది. రోజూ పొద్దున నేను బీపీ చూడ్డానికి చెయ్యి చాపగానే తను నా చెయ్యి పట్టుకుంటాడు. వాచీ విప్పించి, చెవి దగ్గర పెట్టుకుని విని, ముల్లు సరిచేసి ఇస్తాడు. "నాలుగు నిమిషాలు వెనకుంది సిస్టరమ్మా, నీలాగే అలిసిపోయింది" అంటాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో నా చెయ్యి చూసి నాకు జబ్బు చెప్పిన రోగి ఇతనొక్కడే.

నీ కళ్ళకి గంటకోసారి చల్లటి నీళ్ళు కొట్టుకో. రంగుల మాస్టారు ఏమన్నా అంటే సిస్టర్ గారి ఆర్డరని చెప్పు.

మరో మాట: ఆ సిస్టరు రాతల గురించి రాసినచోట నీ చేతిరాత మారింది. పెన్ను నొక్కిపట్టి రాశావు.

నీ వదిన


రంగుల గది
ఏప్రిల్ 11

వదినా,

ఎక్కువ రాయలేను, రోజుకి రెండొందల షీట్లు. మార్కులు తొంభై నాలుగు! గోడ మీద మా జంట పేరు మొదటిది. గుమాస్తా మొదటిసారి వెనక్కి తిరిగి నా మొహం చూశాడు.

చేతిరాతకేం, పెన్ను మారింది. నువ్వు పోలీసుల్లో చేరాల్సిన మనిషివి.

వాచీ పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు.

పిచ్చుక


ఇంట్లో
మే 17

పిచ్చుకా,

సెలవులో ఉన్నాను. నేను పెట్టిన సెలవు కాదు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు.

వరసగా చెప్తాను, లేకపోతే నాకే గందరగోళంగా ఉంటుంది. ఏప్రిల్ చివర ఒక మంగళవారం, పొద్దున డ్యూటీ నాది. పద్నాలుగో మంచం పెద్దాయనకి జ్వరం లేదు, బీపీ బాగుంది, గాయం ఆరుతోంది. మందులు మింగాడు. అడిగినదానికి జవాబు చెప్పాడు. నా చెయ్యి మాత్రం పట్టుకోలేదు. వాచీ వంక చూడనేలేదు.

డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు. నేను నోట్సు కొట్టాను, ఎప్పటిలాగే చివర, "మరో మాట: ఈరోజు నా వాచీ అడగలేదు" అని కూడా కొట్టాను. రెండింటికి సంచీ వేసుకుని వచ్చేశాను. కాళ్ళు వాచి ఉన్నాయి. మధ్యాహ్నం సిస్టరు ఎదురుగానే వచ్చింది. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే పోయేది. రాశానుగా అనుకున్నాను.

బుధవారం నాకు సెలవు. సారాంశంలో నాలుగు లైన్లు ఉన్నాయి: జ్వరం లేదు, బీపీ మామూలు, గాయం ఆరుతోంది, మందులు ఇచ్చాం. ఆ నాలుగూ చూసి వరసగా అయిదు డ్యూటీల వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు. గురువారం పొద్దున నేను వెళ్ళేసరికి కుడిచెయ్యి మంచం పక్కకి వేలాడుతోంది. పడ్డప్పుడు తలకి కూడా దెబ్బ తగిలిందట. ఎవరూ గమనించలేదు, లోపల రక్తం కొంచెం కొంచెంగా చేరింది. మంగళవారమే స్కాన్ తీసి ఉంటే చెయ్యి దక్కేదని పెద్ద డాక్టరు అన్నారు.

బతికాడు. మాట కొంచెం వస్తోంది. కుడిచెయ్యి రాలేదు. వాచీలు బాగుచేసే చెయ్యి, పిచ్చుకా.

వాళ్ళమ్మాయి ఫిర్యాదు పెట్టింది. పెట్టాలి కూడా. విచారణలో ముగ్గురు కూర్చున్నారు: పెద్ద సిస్టరు, ఒక డాక్టరు, యంత్రం కంపెనీ తరఫున ఒకాయన. రోగిలో మార్పు గమనించి చెప్పలేదని నా మీద ఆరోపణ. నేను రాశానన్నాను. అసలు నోట్సు తీశారు. కంపెనీ ఆయన పైకి చదివాడు, "ఈరోజు నా వాచీ అడగలేదు" అని. డాక్టరుకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "ఇది వైద్య సమాచారమా సిస్టర్? ఇలాంటి వాటి వల్ల ఎప్పుడైనా ఒక్క రోగి జబ్బు ముందుగా తెలిసిందని చూపించగలరా?" అని అడిగాడు. ఇరవై నాలుగేళ్ళలో ఎన్నిసార్లో నాకు తెలుసు. చూపించడానికి చేతిలో ఏముంది? వచ్చే నెల ఇరవైకి తేలుస్తారు. లైసెన్సు పోవచ్చు.

పోతే పోయింది అనుకుంటున్నాను ఒక్కోసారి. అలా అనుకోవడమే భయంగా ఉంది.

మరో మాట: వాచీ ఇంకా నాలుగు నిమిషాలు వెనకే నడుస్తోంది. సరిచెయ్యబుద్ధి కావట్లేదు.

వదిన


రంగుల గది కాదు, నా గదిలో
మే 23

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇప్పుడు నేను రాయబోయేది చదివాక నువ్వు నన్ను ఇంట్లోకి రానివ్వకపోయినా సరే, రాయక తప్పదు.

చివర ముచ్చట్లు తగిలించే సిస్టరు నువ్వే. అది నాకు ఆ నోట్సు వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. పేర్లు తుడిచారు, ఊళ్ళు తుడిచారు, "మరో మాట" తుడవలేదు. నాలుగేళ్ళుగా ప్రతి ఉత్తరం కింద చూస్తున్న మాట అది. అక్కడ ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యనని చేరేటప్పుడే సంతకం పెట్టాను. గుర్తుపట్టానని చెప్తే ఉద్యోగం పోతుంది. అందుకే నీకూ చెప్పలేదు.

నువ్వు ఊరికే ఏదీ రాయవని నాకు తెలుసు. అందుకే మొదట ఎరుపు వేశాను. మార్కులు తగ్గాయి, గోడ మీద పేరు అడుక్కి పోయింది, మాస్టారు పిలిచాడు. ఆరు వారాలు పోట్లాడి విసిగిపోయాను. తర్వాత చెయ్యి దానంతటదే బూడిదరంగు మీదికి వెళ్ళేది. "మరో మాట" అని కనబడగానే బూడిద. మిగతా వాక్యం చదవడం కూడా మానేశాను. వెయ్యికి పైగా వేశాను వదినా. నేను నేర్పిందే అది నేర్చుకుంది. నీ వార్డులో నీ చివరి లైను మింగేసింది యంత్రం కాదు, నేను.

తొంభై నాలుగు వచ్చాయని నీకు గొప్పగా రాశాను చూడు, ఆ ఉత్తరం ఉంటే చింపెయ్యి.

పిచ్చుక


ఇంట్లో
మే 30

పిచ్చుకకి,

చింపను. నీ ఉత్తరాలు ఏవీ చింపలేదు, ఇప్పుడు మొదలుపెట్టను.

ముందు కోపం సంగతి. వచ్చింది. మామూలుగా రాలేదు. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగుతుంటే చూస్తూ నించున్నాను. నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే, నీ వాక్యాలు బూడిదలో పోస్తున్నాం వదినా అని ఒక్క లైను రాసి ఉంటే, ఆ మంగళవారం నేను నోరు తెరిచి చెప్పేదాన్ని కదే! ఫిబ్రవరిలో నువ్వు రాసింది చదివి ఆ సిస్టరు నేనేనని నాకు అనుమానం వచ్చింది. నువ్వే చెప్తావని చూశాను. పెన్ను మారిందన్నావు. నేను ఊరుకున్నాను. అంటే ఇద్దరం ఊరుకున్నాం. ఆ కోపం అక్కడికి ఆగింది, ఇంకా లాగే ఓపిక లేదు.

నాలుగేళ్ళుగా నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. మీ అన్నయ్య గడ్డం గీసుకుంటూ ఈల వేసేవాడు, గుర్తుందా? శ్రుతి లేదు, లయ లేదు, పక్కింటివాళ్ళు కిటికీ వేసుకునేవాళ్ళు. పోయిన రోజు పొద్దున ఈల వెయ్యలేదు. నేను జడ వేసుకుంటూ విన్నాను, అంటే వినబడకపోవడం విన్నాను. ఏమైందని అడగలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోంది. పదకొండింటికి వార్డుకి ఫోన్ వచ్చింది.

అందరూ నన్ను ఏమీ తెలియని దానిలా ఓదార్చారు. నువ్వు కూడా. నాకు తెలుసు పిచ్చుకా. చూసి వెళ్ళిపోయాను. మళ్ళీ డ్యూటీలో చేరిన మొదటి రోజు నుంచే నోట్సు కింద ఆ లైను రాయడం మొదలుపెట్టాను, ఎవరైనా చదువుతారని. చదివారు కూడా, నాలుగేళ్ళు. అప్పటిదాకా నోటితో చెప్పేదాన్ని. రాయడం మొదలుపెట్టాక చెప్పడం మానేశాను. తప్పు అక్కడుందేమో.

నువ్వేం చెయ్యకు. సంతకం పెట్టావు, ఉద్యోగం నిలబెట్టుకో. ఇంట్లో ఒకళ్ళ ఉద్యోగం పోతే చాలు.

మరో మాట: మీ అన్నయ్య గడ్డం సబ్బు ఇంకా అద్దం దగ్గరే ఉంది. ఎండి పగిలిపోయింది.

వదిన


నా గదిలో
జూన్ 14

వదినా,

చెయ్యొద్దన్నావు. నీ మాట ఎప్పుడు విన్నాను గనక!

ముందు ఇది చెప్పాలి. అన్నయ్య ఈల వెయ్యకపోవడం గురించి రాశావు, చదివి చాలాసేపు ఏడ్చాను. నీ మీద కోపంతో కాదు. నాలుగేళ్ళు ఒక్కదానివే మోశావని. అన్నయ్య ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు: "ఈల మానేస్తే ఇంట్లో అందరికీ సుఖమే అనుకున్నాను." నిజంగా అనేవాడు వదినా.

డాక్టరు అడిగాడన్నావు, ఒక్క రోగినైనా చూపించగలరా అని. చూపించగలిగేది నేనొక్కదాన్నే అనిపించింది. పాత షీట్లన్నీ మా దగ్గర ఇంకా తెరిచే ఉన్నాయి. భోజనాల వేళ అందరూ కిందికి దిగాక నేను కూర్చున్నాను. "మరో మాట" ఉన్న ప్రతి నోట్సూ తీసి, అదే నంబరు రోగికి తర్వాతి మూడు రోజుల్లో ఏమైందో చూశాను. నిలువు గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. రోగి గురించి ఒక్క మాట కూడా కాగితం మీద రాయలేదు, గీతలే. తొమ్మిది రోజులు పట్టింది. మూడోరోజు గుమాస్తా తన డబ్బా పట్టుకుని పైకి వచ్చేశాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. చెప్పాను. ఆయన తన తెర నా వైపు తిప్పి, "నువ్వు చదువు, నేను గీస్తాను" అన్నాడు.

నీ "మరో మాట"లు మొత్తం పదకొండు వందల ఆరు. అందులో నాలుగు వందల పన్నెండు మందికి మూడు రోజుల్లోపు ఏదో ఒకటి తిరగబెట్టింది. అవి లేని నోట్సు అన్నే తీసుకుని పోల్చాం. అక్కడ తొంభై మంది. నీకు లెక్కలంటే చిరాకని తెలుసు, కానీ ఇదొక్కటి చదువు. దువ్వెన అడగనాయన, కీచులాట మానేసినాయన, కూతురు వస్తే అటు తిరిగి పడుకున్నాయన, ప్రతిసారీ నువ్వే ముందు చూశావు.

కాగితం రంగుల మాస్టారి బల్ల మీద పెట్టి, ఆ సిస్టరు మా వదిన అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నిన్ను పుస్తకంలో చూపించమన్నాను కదమ్మా" అన్నాడు. తర్వాత, నన్ను పంపించెయ్యక తప్పదన్నాడు. కాగితం మీద మాత్రం తన సంతకం కూడా పెట్టి, తనే విచారణ వాళ్ళకి పంపాడు. గుమాస్తా సంతకం పెడతానంటే నేనే వద్దన్నాను, ఆయనకి ఇద్దరు పిల్లలు.

లాకర్ ఖాళీ చేశాను. దిగులేం లేదు. ఆ కుర్చీ పీడ వదిలింది.

పిచ్చుక


ఇంట్లో
జూన్ 27

పిచ్చుకకి,

విచారణ అయిపోయింది. నీ కాగితం చదివారు. ఈసారి డాక్టరు నవ్వలేదు. పెద్ద సిస్టరు దాన్ని తన దగ్గర పెట్టుకుంది. హెచ్చరికతో వదిలేశారు, లైసెన్సు ఉంది.

సారాంశం కింద ఇప్పుడు "మరో మాట" అని ఒక గడి పెట్టారు. ప్రతి రోగికీ నింపి తీరాలని ఆర్డరు. ఇరవై ఎనిమిది గళ్ళు ఎవరు నింపుతారు? వార్డులో చిన్న సిస్టర్లు అన్నిట్లోనూ "ఏమీ లేదు" అని కొట్టేస్తున్నారట. వాళ్ళని అనడానికి లేదు.

నన్ను రికార్డుల గదికి మార్చారు. కూర్చుని చేసే పని, రోగులుండరు. కాళ్ళకి మంచిదని అందరూ అంటున్నారు. సోమవారం చేరాలి.

పెద్దాయన్ని ఇంటికి పంపేశారు. వెళ్ళేటప్పుడు చూడ్డానికి వెళ్ళాను. ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

నా గురించి బెంగపెట్టుకోకు. అంతా బాగానే ఉంది. నువ్వు రానక్కర్లేదు, నీ పని వెతుక్కో.

వదిన


బస్సులో
జూన్ 30

వదినా,

అక్షరాలు వంకరగా వస్తున్నాయి, రోడ్డు అలా ఉంది. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. ఉద్యోగం ఉంది, లైసెన్సు ఉంది, కాళ్ళకి మంచిది, అంతా బాగానే ఉంది అని రాశావు. నాలుగు లైన్ల సారాంశం. చదివి సంతోషించి, మడిచి కవరులో పెట్టేశాను. మొహం కడుక్కుంటుంటే ఏదో తేడాగా అనిపించి, తడిచేతులతోనే మళ్ళీ తీశాను. కాగితం తిప్పి చూశాను. కవరు లోపల కూడా చూశాను.

మరో మాట లేదు. నాలుగేళ్ళలో మొదటిసారి.

నేను సంచీలో రెండు జతల బట్టలు పడేసుకుని బయల్దేరాను. సాయంత్రం నాలుగింటికల్లా మన వీధి మలుపులో ఉంటాను. నువ్వు పడుకునే ఉంటావు, గంట కొట్టినా లేవవు. అందుకే దీన్ని తలుపు కింద నుంచి లోపలికి తోసి, అక్కడే మెట్ల మీద కూర్చుంటాను. నాకూ ఈల రాదు. అన్నయ్యకి వచ్చినంతే వచ్చు. నువ్వు వచ్చేదాకా వేస్తూనే ఉంటాను, పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నా సరే.

జవాబు రాయకు. తలుపు తియ్యి.

పిచ్చుక